అవ్వ పుట్టిల్లు చూడబోయిన రోజు

నాకు పెళ్లయింది పందొమ్మిది వందల ముప్పై దాటిన కొత్తలో. అప్పటికి పదిహేడేళ్లు. పుట్టి పెరిగింది విరుదునగరంలో. మా అమ్మ మాత్రం ఆ ఊరిని చివరిదాకా విరుదుపట్టి అనే పిలిచింది. మా ఇంటి ముందు నుంచి పొద్దుటి నుంచి మాపటిదాకా మిరపకాయల బస్తాల బండ్లు పోతుండేవి. ఆ ఘాటుకు తుమ్ముతూ, బండివాళ్ల కేకలు వింటూ పెరిగాను. అలాంటి ఊరి నుంచి కోవిల్‌పట్టికి పడమటగా ఉన్న నల్లరేగడి పల్లెకు కోడలిగా వచ్చాను. అక్కడ పొద్దుగూకిందంటే కనుచూపు మేరలో ఒక్క దీపం కనిపించదు. గాలికి ఎండు పత్తికట్టె గలగలలాడినా నాకు గుండె ఝల్లుమనేది. మొదటి నుంచీ నేను పిరికిదాన్ని.

మా అత్తవారింట్లో కొత్త కోడలికి పాత చోట్లు చూపించే ఆనవాయితీ ఒకటి ఉండేది. ఎన్నో తరాల కిందట తెలుగుదేశం నుంచి వచ్చి ఈ నేలలో నిలదొక్కుకున్న వాళ్లం కనుక, పెద్దలు ఎక్కడెక్కడ తిరిగారో ఇంటికి వచ్చిన పిల్లకు తెలియాలని వాళ్ల పట్టుదల. కళుగుమలై కొండమీది రాతిగుడి ఒకటి. పాళెగాడి కొలువులో మావాళ్లు బల్లేలు పట్టి కాపలా కాసిన మట్టికోట దిబ్బ ఒకటి. ఈ రెండూ అందరూ చూపించేవే. మూడోది మాత్రం అవ్వ ఒక్కతే చూపించేది. అది ఆమె పుట్టిల్లు. మా ఆయనకు నాయనమ్మ ఆమె. ఎనభై దాటినా నడుము వంగలేదు. ఆ ఇల్లు ఉన్న పల్లె ఆమె చిన్నతనంలోనే ఖాళీ అయిపోయిందని, అక్కడ ఎవరూ ఉండరని మాత్రం నాకు చెప్పారు. ఎందుకు ఖాళీ అయిందో చెప్పలేదు.

ఆ సంగతి బావి దగ్గర తెలిసింది. పక్కింటామె చేద లాగుతూ గొంతు తగ్గించి అంది. "మీ బావగారి మొదటి పెండ్లాన్ని కూడా అవ్వ ఆడికి పిలుచుకోని పోయింది. ఏడాది తిరగకముందే పోయింది, పావం. ఆ ఇంట్లో వాంతిబేది వచ్చి అందరూ ఒకేసారి పోయినారంట. నువ్వు కవనంగా, జాగ్రత్తగా ఉండు తల్లీ."

ఆ మాట విన్న నాటి నుంచి నాకు అన్నం సయించలేదు. వంటింట్లో సజ్జలు చెరుగుతున్న మా అత్త దగ్గర కూర్చుని అడిగాను.

"అత్తా, నేను పోకుంటే అవ్వకు కోపం వస్తుందా?"

"కోపం రాదు. కూడు మానేస్తాది." అత్త చేట ఆపలేదు. "నా పెండ్లి కొత్తలో నన్నూ పిలుచుకోని పోయింది. నేను వాకిట్లోనే నిలబడినాను, లోపలికి పోలేదు. నువ్వూ వాకిట్లోనే ఉండు. వాన వచ్చేట్టు ఉంటే మాత్రం ఒక గడియ కూడా నిలవొద్దు, సీక్రం వచ్చేయండి."

"ఎందుకత్తా?"

"మట్టిగోడలు," అంది. ఇంకేదో చెప్పబోయి లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

మా ఆయన పత్తి బండ్లతో విరుదునగరం పోయి ఉన్నాడు. ఆయన ఊళ్లో ఉంటే ఏదో ఒక సాకు చెప్పించేదాన్ని. అయిప్పసి నెల, దీపావళి దగ్గరి రోజులు, వానలు ఇంకా పట్టలేదు. అవ్వ ఒక తెల్లవారుజామున స్నానం చేసి, నూనె సీసా, వత్తులు, పెద్ద ఇనుప తాళంచెవి ఒక సంచిలో పెట్టుకుని బండెక్కి కూర్చుంది. నేనూ ఎక్కాను. బండి తోలింది మా మామగారికి వరుసకు తమ్ముడు. నేను చిన్నమామ అని పిలిచేదాన్ని. మాటలు తక్కువ మనిషి. ఆయన ఉన్నాడన్నదే నాకు కొంత ధైర్యం.

కొండ దగ్గరికి చేరేసరికి ఎండ ఎక్కింది. అవ్వ చెప్పులు విప్పి, కర్ర పట్టుకుని నాకంటే ముందే ఎక్కేసింది. ఆ రాతిగుడిని అదివరకు నేను చూడలేదు. గుడి అంటే కట్టింది అనుకున్నాను. అది కట్టింది కాదు. కొండను పైనుంచి తొలిచి చుట్టూ రాయి తీసేసి మధ్యలో గుడిని మిగిల్చారు. మనం గట్టున నిలబడితే శిఖరం మన కళ్లెదుట ఉంటుంది, గుడి అడుగుభాగం కింద లోతున ఉంటుంది. శిఖరం మీద బొమ్మల వేళ్లు, నగలు, నవ్వులు అన్నీ ఉన్నాయి. కిందికి పోయేకొద్దీ బొమ్మలు మాయమై, ఉలిదెబ్బల మొరటు రాయి మాత్రం మిగిలింది.

"ఎందుకు ఆపేశారవ్వా?"

"కొడుకు ఈడ చెక్కతా ఉండె. తండ్రి కొండ కింద చెక్కతా ఉండె. కొడుకు పని ముందే ముగిసేట్టు ఉండాదని తెలిసి, తండ్రి వచ్చి కొట్టి చంపేసినాడంట. అప్పరం మళ్లా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు." ఆమె ఆ మాట ఎంత మామూలుగా చెప్పిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. కట్టుకథే కావచ్చు. కానీ ఆ గట్టు అంచున నిలబడి కిందికి చూస్తుంటే, ఎవరో వెనక నుంచి తోస్తారేమో అనిపించి రాయి పట్టుకుని కూర్చుండిపోయాను.

అక్కడి నుంచి కొంచెం పక్కకు పోతే, నిలువు బండ మీద వరుసలు వరుసలుగా కళ్లు మూసుకుని కూర్చున్న జైనమునుల బొమ్మలు ఉన్నాయి. అవ్వ వాటి ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత నా వైపు తిరిగి చిన్నగా అడిగింది.

"అక్కా, అమ్మ యాడ?"

నేను సరిగా వినలేదనుకున్నాను. "ఏమంటిరి అవ్వా?" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఎండగా ఉండాది, దిగుదాము" అంది. దిగుతున్నంతసేపూ నా చెయ్యి వదల్లేదు. ఆమె అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది. ఈ సంగతి చిన్నమామతో చెప్పాలనుకున్నాను. ఆమె ఎదుటే ఎలా చెప్పను?

కోటదిబ్బ దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. ఒకప్పటి మట్టిగోడ ఏనుగు పడుకున్నట్టు పొడుగ్గా మిగిలి ఉంది, దాని మీద తుమ్మచెట్లు. తెల్లదొరలు ఫిరంగులతో కూల్చిన చోటు అని అవ్వ కర్రతో చూపించింది. చిన్నమామ దిబ్బ చూడలేదు, తూర్పు దిక్కు చూస్తున్నాడు. ఆ వైపు ఆకాశం సీసం రంగులోకి మారుతోంది.

"పెద్దమ్మా, ఇంగ ఇంటికి పోదాము. వాన పడితే ఈ రేగడిలో బండి కదలదు."

"దీపం పెట్టేసి పోదాము," అంది అవ్వ.

"రేపు వస్తాము."

"రేపు నేను ఉంటానో లేదో." ఆమె గొంతు పెంచలేదు. కానీ ఆ తర్వాత చిన్నమామ ఆ పల్లె వైపే ఎద్దులను అదిలించాడు. నాకు ఏడుపు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ పల్లె అంటే ఇప్పుడు పల్లె కాదు. మొండిగోడలు, వాటి మధ్య ముళ్లపొదలు, నోరు తెరుచుకుని ఉన్న ఒక పాడుబావి. నిలిచి ఉన్న ఇల్లు ఒక్కటే. తాటిదూలాల మిద్దె, మూరెడు మందం మట్టిగోడలు, ఇనుప బొడిపెల తలుపు. అవ్వ తాళం తీసింది. తలుపు నేలకు రాసుకుంటూ తెరుచుకుంది. లోపలి నుంచి గబ్బిలాల కంపు, దాని వెనక ఏళ్ల తరబడి మూసి ఉన్న ధాన్యపు ముక్క వాసన ముఖానికి కొట్టాయి.

అత్త చెప్పినట్టు నేను వాకిట్లో ఆగిపోయాను. అవ్వ వెనక్కి చూడకుండా లోపలికి పోయింది. ఆమె కర్ర చప్పుడు వినిపించినంతసేపు ధైర్యంగానే ఉన్నాను. అది ఆగిపోయింది. ఎంతసేపు చూసినా దీపం వెలుగు కనబడలేదు. అంతలో మొదటి చినుకులు పడ్డాయి. చినుకులు కావు, రాళ్లు విసిరినట్టు పడ్డాయి.

"అవ్వా," అని పిలిచాను. మళ్లీ పిలిచాను. చిన్నమామ ఎద్దులను చెట్టుకు కట్టేయడానికి దూరం పోయాడు. లోపలికి పోవాలంటే భయం. వాకిట్లో ఉందామంటే గోడ పైనుంచి అప్పుడే చిన్న చిన్న మట్టిపెళ్లలు జారి నా భుజం మీద పడుతున్నాయి. ఆ క్షణంలో నాకు అవ్వ గుర్తు రాలేదు. చచ్చిపోయిన ఆ మొదటి కోడలే గుర్తొచ్చింది, ఆమె కూడా ఇలాగే ఈ గడప దగ్గర నిలబడి ఉంటుందని. అయినా లోపల ముసలామె ఒక్కతే ఉంది. గోడ తడుముకుంటూ పోయాను.

వెనక గదిలో ఉంది అవ్వ. ఆ గదిలో మనిషెత్తు మట్టిగాదెలు ఉన్నాయి, ధాన్యం పోసుకునేవి. మా ఇళ్లలో వాటిని కులుక్కై అంటారు. గోడకూ ఒక గాదెకూ మధ్య, మేకపిల్ల పట్టేంత సందు. ఆ సందులో అవ్వ మోకాళ్లు ముడుచుకుని, తల దాచుకుని కూర్చుని ఉంది. నూనె సీసా నేల మీద ఒలికి ఉంది.

"అవ్వా, వాన వస్తా ఉండాది. లేవండి."

"నేను రాను. అమ్మ పిలిస్తేనే వస్తాను."

అది అవ్వ గొంతు కాదు. నిజానికి గొంతు అవ్వదే, మాట తీరే వేరు. ముద్దుగా, మొండిగా, చిన్నపిల్ల మాట్లాడినట్టు. ఇంట్లో చచ్చినవాళ్లు ఎవరో ఆమెను పట్టుకున్నారని అనుకున్నాను. పారిపోవాలనిపించింది. తలుపు దాకా వెనక్కి నడిచాను కూడా.

అప్పుడే చిన్నమామ తడిసి ముద్దయి లోపలికి వచ్చాడు. ఆమెను చూసి ఆయనా ఒక క్షణం నిలబడిపోయాడు. తర్వాత వంగి, రెక్కలు పట్టి లేపబోయాడు. అవ్వ కెవ్వున అరిచి గాదెను కరుచుకుంది. ఆయన లాగేకొద్దీ పాతగాదె కదిలి ఆమె మీదికి ఒరగబోయింది. ఆయన చప్పున చేతులు వదిలేశాడు.

"లాగితే మీద పడతాది," అన్నాడు నాతో, మెల్లగా. "చిన్నప్పుడు పెద్దమ్మను వాళ్లమ్మ ఈడే దాచిపెట్టింది. ఇంట్లో అందరికీ జబ్బు తగిలింది. ఈ పిల్లకు తగలకూడదని ఆ సందులో కూర్చోబెట్టి, నేను పిలిచేదాకా బయటికి రావద్దు అని చెప్పి పోయిందంట. ఆమె పిలవనే లేదు. చానా సేపటికి పక్కూరి వాళ్లు వచ్చి తీసినారు."

పైన దూలం నుంచి నీళ్లు ధారగా పడటం మొదలుపెట్టాయి. వెనక గోడలో సన్నగా ఒక చీలిక, దానిలోంచి బయటి వెలుతురు గీతలా కనబడుతోంది. నేను చూస్తుండగానే ఆ గీత వెడల్పయింది. చిన్నమామ కూడా చూశాడు. "అమ్మాయీ, నువ్వు బయటికి పో" అన్నాడు.

పోవాలనే అనుకున్నాను. ఎందుకు పోలేదో ఇప్పటికీ నాకు తెలియదు. గాదె ఇవతల నేల మీద కూర్చున్నాను. చచ్చినవాళ్ల మాటను బతికున్నవాళ్లు నోటితో అనకూడదని, అంటే వాళ్లు వచ్చి మన గొంతులో కూర్చుంటారని మా ఊళ్లో అనేవారు. నేను అది నమ్మేదాన్ని. అయినా నోరు తెరిచాను.

"పాపా, ఇంగ రావచ్చు. అమ్మ పిలస్తా ఉండాను."

సందులో అలికిడి ఆగిపోయింది.

"జబ్బు పోయిందా?" అని అడిగింది లోపలి నుంచి.

"పోయింది."

"నాయన?"

చిన్నమామ వైపు చూశాను. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"నాయన వాకిట్లో ఉండాడు. నీకోసం చూస్తా ఉండాడు."

"అన్నకు వాంతులు ఆగినాయా?"

"ఆగినాయి. గంజి తాగినాడు. నువ్వు రా, నీకూ పోస్తాను."

అన్నన్ని అబద్ధాలు వరసగా నా నోట్లోంచి వస్తుంటే, వాటిని చెబుతున్నది నేనేనా అని భయం వేసింది. చెయ్యి చాపాను. చీకట్లోంచి ఆ చల్లటి అరచెయ్యి వచ్చి నా వేళ్లు పట్టుకుంది. లాగలేదు, పట్టుకుని ఉన్నానంతే. అవ్వ తనంతట తానే పక్కకు జరిగి, పాకుతూ బయటికి వచ్చింది. చిన్నమామ ఆమెను భుజం మీద వేసుకున్నాడు. ముగ్గురం వాకిలి దాటి తుమ్మచెట్టు కిందికి చేరాం. కాసేపటికి ఇంటి వెనకవైపు గోడ పడింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. తడిసిన మూట నేల మీద వేసినట్టు ఒక శబ్దం, అంతే. దాని వెంట గాదెలు పగిలాయి.

బండి చక్రాలు రేగడిలో ఇరుసు దాకా దిగిపోయాయి. ఎద్దులను విప్పి తోలుకుంటూ, పక్కనున్న ఊరి చావడి దాకా నడిచాం. చీకటి పడకముందే చేరుకున్నాం. అక్కడ మేకలు కాసే ఒక ముసలాయన మంట వేసి ఉన్నాడు. పొడి కంబళి ఇచ్చాడు. దాన్ని అవ్వకు చుట్టి మంట దగ్గర కూర్చోబెట్టాను. వేడి తగిలాక ఆమె కళ్లలోకి మామూలు చూపు వచ్చింది. నన్ను గుర్తుపట్టింది. నా చీర నిండా ఉన్న మట్టి చూసి, తన కొంగుతో నా ముఖం తుడిచింది.

"నన్ను పిలిచింది నువ్వే కదా," అంది.

అబద్ధం చెప్పే శక్తి నాలో మిగల్లేదు. "నేనే అవ్వా. తప్పయితే మన్నించండి."

ఆమె మంటవైపు చూస్తూ కూర్చుంది. "నీ గొంతు మా అమ్మ గొంతు మాదిరి లేదు. ఆడనే తెలిసింది నాకు. అయినా ఎవరో ఒకరు పిలిచినారు కదా అని వచ్చేసినాను."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. కొంతసేపటి తర్వాత ధైర్యం చేసి బావగారి మొదటి భార్య సంగతి అడిగాను.

"ఆ పిల్లా?" అవ్వ ఆశ్చర్యపోయింది. "దాన్ని ఆ ఇంటికి నేను పిలుచుకోని పోలేదే. కొండ దిగేటప్పటికే జొరం. బండి తిప్పేసినాము. ఆ జొరం తగ్గింది. కానుపులో పోయింది పావం, చానా నెలలకు. ఎవరు చెప్పినారు నీకు?"

బావి దగ్గర విన్నానని చెప్పలేదు. కానుపులో పోయింది అన్న మాట మాత్రం నాలో ఉండిపోయింది. మర్నాడు ఇల్లు చేరాక అత్త నన్ను పట్టుకుని, "లోపలికి పోవద్దని చెప్పినాను కదే" అని మందలించింది, తల తుడిచింది. ఇంటి వెనక భాగం అంతా కూలిందని తెలిసి మామగారు ఇక ఏ కోడలినీ అక్కడికి పంపేది లేదన్నారు. అవ్వ ఎదురు చెప్పలేదు. తాళంచెవి ఏం చేసిందో నాకు తెలియదు, మళ్లీ చూడలేదు.

పై ఏడు నాకు నెలలు నిండుతుండగా మా నాయన వచ్చి విరుదునగరం తీసుకుపోయాడు. ఆ రోజులన్నీ భయంతోనే గడిచాయి. మంత్రసాని పొట్ట మీద చెయ్యి వేసినప్పుడల్లా ఆమె ముఖం చదవడానికి చూసేదాన్ని. అబద్ధపు మాటలతో పిలిచినందుకు ఆ ఇంటివాళ్లెవరైనా నన్ను పట్టుకుంటారేమో అని లోలోపల అనుకునేదాన్ని. ఎవరితోనూ అనలేదు. ఆడపిల్ల పుట్టింది. కష్టమైన కానుపే, కానీ ఇద్దరం బతికాం.

పిల్లను చూడటానికి అవ్వ కోవిల్‌పట్టిలో రైలెక్కి వచ్చింది. రైలెక్కడం ఆమెకు అదే మొదలట. ఆ కుదుపుకు వణికిపోయి, స్టేషన్లో దిగాక కూడా చిన్నమామ చెయ్యి వదల్లేదు. పాపను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత లేచి, "మీ ఇల్లంతా చూపించు, నువ్వు పుట్టిన ఇల్లు నేను చూడొద్దా" అంది.

చూపించాను. మా నాయన తాత కట్టించిన ఇల్లది. ముందు తిన్నె, మధ్యలో ఎండ పడే ముంగిలి, వంటిల్లు, పశువుల కొట్టం. నేను పుట్టిన గది గడప దగ్గర అవ్వ వంగి నేలను చేత్తో తాకింది. పత్తి గది దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. కిటికీ లేని గది అది, తలుపు దగ్గరగా వేసి ఉంది.

"ఇది తెరవొద్దు," అంది.

"పత్తి ఉందంతే అవ్వా."

"ఉండనీ. పాప యాడ?"

"అమ్మ దగ్గర ఉంది, తిన్నె మీద."

"పోదాము. దాన్ని కంటి ఎదుట పెట్టుకోని కూర్చుందాము."

తిన్నె మీదికి వచ్చి కూర్చున్నాం. బండ్లు పోతున్నాయి, మిరప ఘాటుకు పాప తుమ్మింది. అవ్వ తిరిగి వెళ్లేదాకా ఆ పిల్లను ఎవరినీ లోపలికి తీసుకుపోనివ్వలేదు. నేనూ తీసుకుపొమ్మనలేదు. ఎండ వచ్చినప్పుడల్లా చాప నీడకు జరిపి, దాన్ని అక్కడే పడుకోబెట్టాను.